గుమ్‌నామ్ శిల్పి: సెర్గేయ్ కొరొల్యోవ్

ప్రతి సంవత్సరం వార్షిక పరీక్షలు దగ్గరపడే రోజులలో మా అధ్యాపకుల గది గుమ్మం వద్ద కొందరు విద్యార్థులు తచ్చాడుతూ కనిపిస్తారు. వారు వచ్చేది సంధుల కోసమో సమాసాల కోసమో కాదు. ముందు ఏమి చదవాలి, ఏ వృత్తి చేపట్టాలి అనే ప్రశ్నతో వస్తారు. వారిలో ఒకరిద్దరు రాకెట్లు నిర్మించే ఇంజనీర్లం కాగలమా అని అడుగుతారు. ఎన్ని మార్కులు రావాలి, ఏ కళాశాలలో సీటు దొరుకుతుంది, జీతం ఎంత ఉంటుంది అన్న లెక్కలు మాకంటె వారికే బాగా తెలుసు. తెలుగు బోధించే మేము వారికి చెప్పగలిగినది ఒక్కటే: ఆ వృత్తిలో బ్రతికి, ఆ వృత్తిలోనే మరణించిన ఒక మనిషి కథ. ఈ వ్యాసం ఆ సంభాషణకు కొనసాగింపు అనుకోవచ్చు.

1984 ఏప్రిల్ 3వ తేదీన రాకేశ్ శర్మ సోయుజ్ నౌకలో రోదసికి ప్రయాణమైనప్పుడు దేశమంతా సంతోషించినది. ఆయన విద్యాభ్యాసం సాగినది హైదరాబాదులో, నిజాం కళాశాలలో. కనుక ఆ సంతోషంలో ఈ నగరానికి ఒక పాలు ఎక్కువే. నాలుగేండ్ల తరువాత, 1988 మార్చి 17న, మన దేశపు దూరసంవేదన ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్. 1ఎ కూడ అదే బైకొనూరు నుంచి కక్ష్యకు చేరినది. వ్యోమగామి పేరు మనకు తెలుసు, ఉపగ్రహం పేరు తెలుసు. వాటిని మోసిన రెండు రాకెట్లూ ఒకే వంశానికి చెందినవి. ఆ వంశానికి మూలపురుషుడు 1957 నాటి ఆర్-7 రాకెట్టు. దానిని నిర్మింపజేసిన మనిషి పేరు అడిగితే మన విద్యార్థులలో చాలమంది తెల్లమొగం వేస్తారు. తప్పు వారిది కాదు. ఆ మనిషి పేరును ఆయన జీవించి ఉన్నంతకాలం ఆయన దేశమే దాచి ఉంచినది.

ఉర్దూలో గుమ్‌నామ్ అనే మాట ఉన్నది. తెలుగులో దానికి అజ్ఞాతుడు అని అర్థం చెప్పుకుంటాము గాని, రెండింటికీ కొంత భేదం ఉన్నదని మాకు తోస్తుంది. అజ్ఞాతుడు ఎవరికీ తెలియనివాడు. గుమ్‌నామ్ పేరు పోగొట్టుకున్నవాడు. అతనికి పేరు ఉన్నది, కాని అది ఎక్కడో తప్పిపోయినది. సెర్గేయ్ పావ్లొవిచ్ కొరొల్యోవ్‌కు సరిపోయే మాట ఈ రెండవదే.

ఆయన 1907 జనవరి 12న జితొమిర్ పట్టణంలో జన్మించారు. నాడు అది రష్యా సామ్రాజ్యంలోనిది, నేడు యుక్రెయిన్‌లోనిది. తండ్రి పావెల్ పాఠశాలలో రష్యన్ సాహిత్యం బోధించే ఉపాధ్యాయుడు. (సాహిత్యోపాధ్యాయుని కుమారుడు రాకెట్లు నిర్మించినాడన్న మాట వ్రాసేటప్పుడు మా కలం ఒక క్షణం ఆగినదని ఒప్పుకోక తప్పదు.) కాని ఆ తండ్రి నీడ బాలునికి దక్కలేదు. తల్లిదండ్రులు విడిపోయినారు, తండ్రి చనిపోయినాడనే పిల్లవానికి చెప్పినారు. తల్లి మరియ కీవ్ నగరంలో చదువుకుంటూ ఉండగా, బాలుడు నీజిన్ అనే చిన్న పట్టణంలో, వర్తకులైన అమ్మమ్మ తాతయ్యల ఇంట పెరిగినాడు. ఊరబెట్టిన దోసకాయలకు పేరుపొందిన ఊరు అది. ఎత్తయిన గోడలు, మూసిన తలుపులు, తోడు ఆడుకునే పిల్లలు లేని ఇల్లు. ఆ ఊరికి ఒకనాడు ఉతోచ్‌కిన్ అనే వైమానికుడు తన విమానంతో వచ్చి, డబ్బు కట్టి చూడవచ్చిన జనం ముందు మైదానం మీద కొద్ది దూరం ఎగిరి దిగినాడు. తాతయ్య భుజాల మీద కూర్చుండి పిల్లవాడు ఆ దృశ్యం చూచినాడు.

తల్లి మరల వివాహమాడినది. సవతి తండ్రి బలానిన్ ఇంజనీరు, సజ్జనుడు. 1917లో కుటుంబం ఒదెస్సా ఓడరేవుకు చేరినది. విప్లవము, అంతర్యుద్ధము, కరవు ఒకదాని వెనుక ఒకటి వచ్చిన రోజులు అవి. పాఠశాలలు మూతపడగా బాలుడు ఇంటివద్దనే చదువుకున్నాడు. రేవులో సైన్యపు నీటివిమానాల దళం ఒకటి ఉండేది. ముళ్లకంచె పక్కగా ఈదుకుంటూ వెళ్లి, అక్కడి మెకానిక్కుల చేతికి పనిముట్లు అందిస్తూ, క్రమంగా వారిలో ఒకడైనాడు. చివరకు విమానంలో కూర్చుండబెట్టుకొని తిప్పే దాకా వచ్చినది.

1922లో చేరిన భవన నిర్మాణ వృత్తి పాఠశాలలో ఆయన నేర్చిన పని ఇంటికప్పులకు పెంకులు వేయడం. ఈ సంగతిని మా విద్యార్థులు గమనించాలని కోరిక. చంద్రునివైపు యంత్రాలు పంపిన చేతులు మొదట పెంకులు పేర్చినవి. 1924లో ఆ పాఠశాల నుంచి బయటికి వచ్చేనాటికే పదిహేడేండ్ల ఆ యువకుడు ఒక గ్లైడరుకు నమూనా గీసి లెక్కలతో సహా పెద్దలకు సమర్పించినాడు. తరువాత కీవ్ సాంకేతిక విద్యాలయంలో రెండేండ్లు. పత్రికలు పంచి, వడ్రంగం చేసి, కప్పులు వేసి ఫీజులకు తిండికి సంపాదించుకున్నాడు. 1926లో మాస్కో ఉన్నత సాంకేతిక విద్యాలయానికి మారినాడు. పగలు విమాన కర్మాగారంలో ఉద్యోగం, రాత్రి తరగతులు, మిగిలిన వేళలలో గ్లైడర్లు. చదువు ముగింపులో సమర్పించిన తేలికపాటి విమానపు ప్రణాళికకు మార్గదర్శి మహానిర్మాత అంద్రేయ్ తూపొలెవ్. ఈ గురుశిష్యులు మరల ఎక్కడ కలిసినారో ముందు చూస్తాము.

ఆ కాలంలో రాకెట్టు ఇంజనీరు అనే ఉద్యోగం ప్రపంచంలో ఎక్కడా లేదు. ఇది మనం మరచిపోతున్న విషయం. కలూగ పట్టణంలో త్సియోల్కోవ్‌స్కీ అనే చెవిటి బడిపంతులు 1903లోనే రాకెట్టు గమనానికి సూత్రం వ్రాసి పెట్టినాడు గాని, దానితో బ్రతుకుతెరువు ఎవరికీ దొరకలేదు. కొరొల్యోవ్ విమానాల రంగంలో హాయిగా జీవించగలిగినవాడు. అయినా 1931లో ఫ్రీద్రిఖ్ త్సాందెర్ అనే స్వాప్నికునితో కలిసి మాస్కోలో ఒక ఇంటి నేలమాళిగలో ఏర్పడిన రాకెట్టు బృందంలో చేరినాడు. దాని పేరు గిర్ద్. జీతం లేకుండ పనిచేసే ఇంజనీర్ల బృందం అని ఆ పేరులోని అక్షరాలకు సభ్యులే వేళాకోళపు అర్థం చెప్పుకునేవారు. త్సాందెర్ 1933 మార్చిలో విషజ్వరంతో మరణించినాడు. అదే యేడు ఆగస్టు 17న మాస్కో సమీపంలోని నహాబినో మైదానంలో తిహొన్రావొవ్ రూపొందించిన రాకెట్టు లేచినది. ద్రవ ప్రాణవాయువుతో, చిక్కబరచిన పెట్రోలుతో నడిచిన ఆ యంత్రం 18 సెకండ్లు ఎగిరి 400 మీటర్ల ఎత్తు చేరినది. మన చార్మినారు ఎత్తుకు ఏడెనిమిది రెట్లు, అంతే. కాని సోవియట్ దేశంలో ద్రవ ప్రాణవాయువును వాడుకొని ఎగిరిన మొదటి రాకెట్టు అది.

ఈ ఫలితం చూచి, సేనాధిపతి తుహచేవ్‌స్కీ ప్రోత్సాహంతో ప్రభుత్వం రాకెట్టు పరిశోధన సంస్థను నెలకొల్పినది. కొరొల్యోవ్ అందులో ఉన్నతోద్యోగి. రాకెట్టుతో నడిచే గ్లైడరు ఆయన చేపట్టిన పని. 1931లో క్సేనియ అనే వైద్యురాలిని పెండ్లాడినారు, 1935లో నతాష పుట్టినది. ఇంతవరకు కథ మన పిల్లలకు ఆదర్శంగా చెప్పడానికి ఏ అడ్డూ లేదు.

1937 జూన్‌లో తుహచేవ్‌స్కీని దేశద్రోహి అని కాల్చివేసినారు. ఆయన ప్రోత్సహించినదంతా అనుమానాస్పదమైనది. సంస్థ అధిపతి క్లెయ్‌మ్యోనొవ్, ఉపాధిపతి లంగెమాక్ 1938 జనవరిలో తుపాకిగుండ్లకు బలైనారు. మార్చిలో ఇంజను నిపుణుడు గ్లుష్కో ఖైదైనాడు. జూన్ 27 రాత్రి కొరొల్యోవ్ ఇంటి తలుపు తట్టినారు. మూడేండ్ల కూతురు నిద్రలో ఉన్నది. విధ్వంసకుల ముఠా సభ్యుడన్నది నేరారోపణ. సహోద్యోగుల వాంగ్మూలాలు అందుకు సాక్ష్యం. ఆ వాంగ్మూలాలు ఎట్లా పుట్టినవో వేరే చెప్పనక్కరలేదు. విచారణలో ఆయనను తీవ్రంగా కొట్టినారు. ఆ దెబ్బలలో దవడ ఎముక విరిగినదని ఆయన జీవితచరిత్రకారులు పలువురు వ్రాసినారు. పాఠకులు ఈ దవడ సంగతి గుర్తుంచుకోవాలి.

పదేండ్ల శిక్ష. 1939లో సైబీరియా తూర్పు కొసన కొలీమ ప్రాంతంలోని మల్ద్యాక్ బంగారు గనికి చేర్చినారు. చలిలో, ఆకలిలో మట్టి త్రవ్వి మోయడమే పని. కూరగాయలు లేని తిండి వల్ల స్కర్వీ వ్యాధి పట్టి పళ్లు చాలవరకు ఊడిపోయినవి. ఈలోగా తల్లి మరియ ఊరుకోలేదు. అర్జీ వెనుక అర్జీ వ్రాసినది, ప్రఖ్యాత వైమానికులు గ్రోమొవ్, గ్రిజొదూబొవలను ఆశ్రయించినది. వారు ధైర్యం చేసి మాట సాయం చేసినారు. తీర్పు రద్దయి పునర్విచారణకు ఆజ్ఞ వచ్చినది. కాని ఆ కాగితం గనిదాక చేరడానికే నెలలు పట్టినది. డిసెంబరులో ఆయన మగదాన్ రేవుకు వచ్చేసరికి ఆ యేటి చివరి ఓడలలో ఒకటైన ఇందిగీర్క వెళ్లిపోయినది. ఆ ఓడ జపాన్ తీరాన మునిగి 700 మందికి పైగా మరణించినారు. ఆలస్యం ఒక్కొక్కప్పుడు మనిషిని ఇట్లా కూడ రక్షిస్తుంది. రెండవ విచారణలో శిక్షను ఎనిమిదేండ్లకు తగ్గించినారు తప్ప నిర్దోషి అనలేదు.

1940లో ఆయనను మాస్కోలోని ఒక విచిత్రమైన జైలుకు తెచ్చినారు. అది ఇంజనీర్ల జైలు. కిటికీలకు ఊచలు, లోపల నకలు బల్లలు. అక్కడి ప్రధాన నిర్మాత తూపొలెవ్, ఆయనా ఖైదీయే. పట్టా ఇప్పించిన గురువూ పట్టా పుచ్చుకున్న శిష్యుడూ కాపలావాళ్ల నడుమ కూర్చుండి, తమను బంధించిన రాజ్యానికి బాంబరు విమానం గీసినారు. తూ-2 అనే ఆ విమానం యుద్ధంలో ఎగిరినది. ఇట్లాంటి స్థితిలో మనిషి కలం కదపడం ఎట్లా సాధ్యం? పని చేయకపోతే మరల గనికి పంపుతారన్న భయం కొంత కారణం కావచ్చు. జర్మను సేనలు దేశంలోకి వచ్చిపడినవన్న బాధ మరికొంత. కాని 1942లో కజాన్‌లోని మరొక ఖైదీ కర్మాగారానికి, గ్లుష్కో నడిపే రాకెట్టు ఇంజన్ల విభాగానికి చేరిన తరువాత ఆయన చేసిన పనిని చూస్తే, మాకు మూడవ కారణం కూడ కనిపిస్తున్నది. ఆ మనిషికి ఆ పని తప్ప వేరే ఇల్లు లేదు. 1944 జూలైలో విడుదలైనారు. నేరం లేదని ప్రభుత్వం ఒప్పుకున్నది మాత్రం 1957లో.

1945 సెప్టెంబరులో లెఫ్టినెంట్ కల్నల్ దుస్తులలో ఆయన జర్మనీకి వెళ్లినారు. అక్కడ చూచినది వీ-2 క్షిపణి. దాదాపు 13 టన్నుల బరువుతో 300 కిలోమీటర్లు ఎగరగల యంత్రం. తాను నేలమాళిగలో కలగన్నదానిని, తాను గనిలో మట్టి మోస్తున్న ఏండ్లలో, వేరొకరు నిజం చేసి చూపినారు. అదీ బందీల చాకిరితో, నగరాల మీద మరణం కురిపించడానికి. దాని నిర్మాత వెర్నెర్ వాన్ బ్రౌన్ అప్పటికే అమెరికావారి చేతికి చిక్కినాడు. ఆ క్షణంలో కొరొల్యోవ్ మనసులో కలిగినది అసూయా, దుఃఖమా అన్నది ఊహించుకోవలసినదే. ఆయన చేసినది మాత్రం తెలుసు: ముక్కలు ఏరి, పటాలు కూర్చి, జర్మను పనివారిని విచారించి, యంత్రాన్ని వేరు నుంచి చివరిదాక నేర్చుకున్నారు. 39 ఏండ్ల వయసులో, 1946లో, మాస్కో దాపున పద్లీప్కిలో దీర్ఘశ్రేణి క్షిపణుల ప్రధాన నిర్మాత అయినారు. జర్మను యంత్రానికి నకలైన ఆర్-1 రాకెట్టు 1948 అక్టోబరులో విజయవంతంగా ఎగిరినది. అటు తరువాత 600 కిలోమీటర్లు, 1200 కిలోమీటర్లు అని దూరం పెరుగుతూ పోయినది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇవి చంద్రుని కోసం నిర్మించిన రాకెట్లు కావు. అణ్వాయుధాలను శత్రుదేశం మీద వేయడానికి నిర్మించినవి. 1956 ఫిబ్రవరిలో కొరొల్యోవ్ రాకెట్టు ఒకటి నిజమైన అణుబాంబును మోసి పేల్చి చూపినది కూడ. రోదసీ యాత్ర మానవాళి కోసం, క్షిపణి ప్రభుత్వం కోసం అని విడదీసి చెప్పే రచనలను మేము చదివినాము. ఆ విభజన మాకు నచ్చలేదు. ఆయన రెండూ తెలిసి చేసినారు. క్షిపణి లేకపోతే రోదసికి డబ్బు వచ్చేది కాదు.

అయితే ఆర్-7 కథలో ఒక వింత మలుపు ఉన్నది. 1954లో దానికి అనుమతి వచ్చినప్పుడు హైడ్రోజను బాంబు బరువు దాదాపు అయిదున్నర టన్నులు ఉంటుందని లెక్క కట్టినారు. అంత బరువును ఖండాలు దాటించాలంటే అంతకు ముందు ఎవరూ ఊహించనంత పెద్ద రాకెట్టు కావాలి. ఒకే పెద్ద ఇంజను చేస్తే అందులో మంట నిలకడగా ఉండదు, కంపించి పగిలిపోతుంది. అందువల్ల గ్లుష్కో ఒక్కొక్క ఇంజనుకు నాలుగేసి దహన గదులు పెట్టినాడు. ఆకాశంలోకి పోయిన తరువాత రెండవ అంచెను వెలిగించగలమన్న నమ్మకం అప్పటికి ఎవరికీ లేదు. కనుక కొరొల్యోవ్ నడుమ ఒక కాయము, చుట్టూ నాలుగు కాయములు కట్టి, అయిదింటినీ నేల మీదనే వెలిగించే పద్ధతి ఎన్నుకున్నారు. మొత్తం ఇరవై ప్రధాన దహన గదులు. ఇంధనం కిరసనాయిలు, దానిని మండించేది ద్రవ ప్రాణవాయువు. తరువాతి కాలంలో బాంబులు తేలికైనవి. సున్నకు దిగువ 183 డిగ్రీల వద్ద మరిగే ద్రవాన్ని గంటల తరబడి నింపి సిద్ధం చేయవలసిన రాకెట్టు యుద్ధానికి పనికిరాదని సైనికులు పెదవి విరిచినారు. ఆయుధంగా అది త్వరలోనే మూలపడినది. కాని ఆ అధికబలమే, బాంబును మించిన ఆ బరువు మోసే శక్తియే, మనుష్యుని రోదసికి ఎత్తినది. లెక్క తప్పడం వల్ల కలిగిన ఇంత గొప్ప లాభం ఇంజనీరింగు చరిత్రలో అరుదు.

దాని మొదటి ప్రయోగం 1957 మే 15న, కజక్‌స్తాన్ ఎడారిలోని త్యురతామ్ వద్ద. పక్క కాయంలో నిప్పు పుట్టి 98 సెకండ్లకే విఫలమైనది. జూన్‌లో రాకెట్టు నేల విడువనే లేదు. జూలై 12న గిరగిర తిరిగి ముక్కలైనది. పై అధికారుల కనుబొమలు ముడిపడినవి. ఒకసారి కొలీమ చూచి వచ్చినవానికి ఆ ముడి అర్థం మనకంటె బాగా తెలుసు. ఆగస్టు 21న నాలుగవ యత్నంలో రాకెట్టు కమ్చాత్కా దాకా ఎగిరినది. కొనలోని గుళ్ల మాత్రం వాయుమండలంలో చెదిరిపోయినది. దానిని సరిచేయడానికి కాలం పడుతుంది. ఆ వ్యవధిలో ఉపగ్రహం పంపుతానని కొరొల్యోవ్ పట్టుబట్టినారు. ముందుగా అనుకున్న పెద్ద పరిశోధక ఉపగ్రహం సిద్ధం కాలేదు. సరే, చిన్నదే చాలన్నారు. 58 సెంటీమీటర్ల గోళం, 83.6 కిలోగ్రాముల బరువు, లోపల రేడియో, బయట నాలుగు కొమ్ములు. దానిని అద్దంలా మెరుగుపెట్టించడంలో ఆయన చూపిన పట్టుదల తోటివారికి చాదస్తంగా తోచి ఉంటుంది. 1957 అక్టోబరు 4న స్పూత్నిక్ కక్ష్యలో చేరి 96 నిమిషాలకొక చుట్టు చొప్పున భూమిని చుట్టసాగినది. దాని కూత దేశదేశాల రేడియోలలో వినిపించినది. ప్రపంచపత్రికలన్నీ కర్త ఎవరని అడిగినవి. జవాబు లేదు. శత్రువులు చంపుతారన్న భయం సాకుగా, ప్రధాన నిర్మాత అన్న హోదా తప్ప పేరు బయట పెట్టలేదు. ఆయన ప్రావ్దా పత్రికలో వ్యాసాలు వ్రాసినారు, కాని ప్రొఫెసర్ సెర్గేయెవ్ అన్న మారుపేరుతో.

ఆ ఒక్కరే అన్నీ చేసినారని మేము అనడం లేదు. ఇంజన్లకు గ్లుష్కో, నడకను సరిదిద్దే యంత్రాలకు పిల్యూగిన్, రేడియోకు ర్యజాన్‌స్కీ, ప్రయోగవేదికలకు బర్మిన్, గైరోస్కోపులకు విక్తర్ కుజ్నెత్సొవ్. వీరితో కలిపి ఆరుగురు ప్రధాన నిర్మాతల మండలి ఒకటి ఉండేది. కొరొల్యోవ్ అధ్యక్షుడు. గొంతు పెద్దది, కోపం పెద్దది. తిట్టినవానిని మరునాడు పిలిచి పని అప్పగించే అలవాటు. పొరపాటు చేసి ఒప్పుకున్నవానికి క్షమ ఉండేది, దాచినవానికి ఉండేది కాదు. రాకెట్టులో ఒక వంద మంది నేర్పు ఒక్కని నిర్లక్ష్యంతో బూడిద అవుతుంది గనుక ఇది స్వభావం మాత్రమే కాదు, వృత్తిధర్మం కూడ.

1960 డిసెంబరులో ఆయనకు మొదటి గుండెపోటు వచ్చినది. కుక్కలతో పంపిన పరీక్షా నౌకలలో కొన్ని అప్పుడే విఫలమైనవి. విశ్రాంతి తీసుకోవాలన్న వైద్యుల మాట పెడచెవిని పెట్టి బైకొనూరు చేరినారు. 1961 ఏప్రిల్ 12న 27 ఏండ్ల యూరీ గగారిన్ వోస్తొక్ నౌకలో 108 నిమిషాలలో భూమిని చుట్టి వచ్చినాడు. ఆ ఉదయం గగారిన్ కంటె నేల మీదివాడే ఎక్కువ ప్రయాస పడినాడని చెప్పవచ్చు. రెండు రోజుల తరువాత మాస్కోలో జరిగిన ఊరేగింపులో జనం గగారిన్ మీద పూలు చల్లినారు. ప్రధాన నిర్మాత కారు ఎక్కడో వెనుక వరుసలో, పతకాలు లేని కోటుతో, గుంపులో కలిసిపోయినది.

ఆ తరువాతి సంవత్సరాల విషయంలో ఆయనను పూర్తిగా సమర్థించడానికి మేము వెనుకాడుతున్నాము. అమెరికావారు ఇద్దరిని పంపబోతున్నారని, వారికంటె ముందు ముగ్గురిని పంపాలని పై నుంచి ఒత్తిడి వచ్చినది. 1964 అక్టోబరు 12న ఒక్కడు కూర్చునే గోళంలో ముగ్గురిని ఇరికించి పంపినారు. రోదసీ దుస్తులు లేవు, ఆపదలో బయటికి విసిరే ఆసనాలు లేవు. వారు క్షేమంగా తిరిగి వచ్చినారు. అది నేర్పుతోపాటు అదృష్టం కూడ. 1965 మార్చి 18న లెయోనొవ్ నౌక బయట శూన్యంలో తేలినప్పుడు దుస్తులు ఉబ్బి లోపలికి రాలేక, గాలి వదలి బయటపడినాడు. ఇంటి విషయంలోనూ అంతే. మొదటి వివాహం విచ్ఛిన్నమైనది, నీన అనే ఆమెను పెండ్లాడినారు, కన్నకూతురు చాలకాలం దూరంగా ఉన్నది. నిద్రపోని తండ్రులు పిల్లలకు కూడ ఒక విధమైన గుమ్‌నాములే.

చివరి యేండ్లలో చంద్రయాత్ర కోసం ఎన్-1 అనే బ్రహ్మాండమైన రాకెట్టు తలపెట్టినారు. దానికి ఏ ఇంధనం వాడాలన్న విషయంలో గ్లుష్కోతో వైరం ముదిరినది. విషద్రవాలైన ఇంధనాలు మేలని గ్లుష్కో, మనుషులు కూర్చునే రాకెట్టు కింద విషం పెట్టనని కొరొల్యోవ్. ఒకే ఊరిలో పెరిగి, ఒకే ఏడు ఖైదై, ఒకే జైలులో పనిచేసిన ఇద్దరు విడిపోయినారు. గ్లుష్కో ఇంజన్లు ఇవ్వలేదు. విమానపు ఇంజన్లు చేసే నికలాయ్ కుజ్నెత్సొవ్‌ను వేడుకొని చిన్న ఇంజన్లు ముప్పై కట్టవలసి వచ్చినది. 1969 నుంచి 1972 దాకా ఆ రాకెట్టు నాలుగుసార్లు ఎగరబోయి నాలుగుసార్లూ నాశనమైనది. అది చూడడానికి ఆయన లేరు.

1966 జనవరి 14న, 59 ఏండ్లు నిండిన రెండవ రోజున, మాస్కోలో శస్త్రచికిత్స జరిగినది. కత్తి పట్టినవారు స్వయంగా ఆరోగ్యశాఖామంత్రి, వైద్యుడు పెత్రోవ్‌స్కీ. చిన్న కండ తీసివేస్తే సరిపోతుందనుకున్నారు. లోపల పెద్ద వ్రణం బయటపడినది. గంటలు గడిచినవి. శ్వాస కోసం గొంతులో గొట్టం పెట్టడం సాధ్యం కాలేదని, 1938 నాటి విరిగిన దవడ వల్ల నోరు తగినంత తెరుచుకోలేదని ఆయన చరిత్రకారులు చెప్పుతారు. గుండె ఆగినది. మరి రెండు రోజులకు, జనవరి 16న, ప్రావ్దాలో ఛాయాచిత్రంతో పతకాలతో సంతాపవార్త వెలువడినది. సోవియట్ ప్రజలు ఆ పేరును మొదటిసారి చదివినది అప్పుడే.

రెండేండ్ల క్రితం, 1964లో, చంద్రుని నేల ఎట్లాంటిదన్న వాదం వచ్చినది. దట్టమైన ధూళి అని, దిగిన నౌక మునిగిపోతుందని కొందరు శాస్త్రజ్ఞుల మాట. ఎవరూ వ్రాతపూర్వకంగా హామీ ఇవ్వనందున పని నిలిచిపోయినది. అప్పుడు కొరొల్యోవ్ ఒక కాగితం తీసుకొని, నేల నురుగురాయి వలె తగినంత గట్టిదని భావించి నిర్మించండని వ్రాసి, కింద తన సంతకం పెట్టి ఇచ్చినారు. ఎక్కడా అచ్చు కాకూడని ఆ పేరు ఆ కాగితం మీద పూర్తి బాధ్యతతో ఉన్నది. ఆయన బూడిదను క్రెమ్లిన్ గోడలో ఉంచిన పక్షం రోజులకు, 1966 ఫిబ్రవరి 3న, లూనా-9 చంద్రుని మీద మెల్లగా దిగి నిలిచినది. నేల గట్టిగానే ఉన్నది.